దగ్గితే నేరం.. దాస్తే ఘనకార్యం

కొత్త వైరస్ వచ్చిందంటే మన సర్కారు నుంచి అన్నిటికంటే ముందు వచ్చేది ప్రకటన. 2025 జనవరిలో చైనా ఆస్పత్రుల వీడియోలు వాట్సాప్‌లో తిరగడం మొదలైందో లేదో, హైదరాబాద్‌లో వైద్యారోగ్య శాఖ ఆదరాబాదరాగా ఒక కాగితం వదిలింది. హెచ్‌ఎంపీవీ అట. చేయాల్సినవి కొన్ని, చేయకూడనివి కొన్ని. దగ్గేటప్పుడు రుమాలు అడ్డం పెట్టుకోండి. సబ్బుతో చేతులు కడుక్కోండి. కరచాలనం మానండి. రద్దీలోకి పోకండి. జబ్బు మనిషికి చేయి దూరంలో ఉండండి.

చేయి దూరమట! అవి సంక్రాంతి ముందు రోజులు. కొత్తగూడెం నుంచి ఖమ్మం పోయే బస్సు జూలూరుపాడులో ఆగితే ఎవడి చేయి ఎక్కడుందో చేయిగలవాడికే తెలియదు. ఒక కాలు మెట్టు మీద, ఇంకో కాలు గాల్లో. కండక్టరమ్మ టికెట్లు కొడుతూ మనుషుల మీదుగా ఈదుకుంటూ పోవాలి. ఆ బస్సులో చేయి దూరం పాటించాలంటే బస్సు దిగి పొలాల వెంట నడవాలి. సలహా రాసిన దొరగారు ఈ రూట్లో ఒక్కసారైనా ఎక్కారా? ఆయనకు కారుంది. కారులో వెనక సీటుంది. వెనక సీట్లో ఆయన ఒక్కడే. చేయి దూరమేం ఖర్మ, కాళ్లు కూడా చాపుకోవచ్చు.

అసలు ఆ వైరస్ కొత్తదే కాదు. 2001లోనే నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఏటా చలికాలంలో పిల్లల ముక్కుల్లో తిరుగుతూనే ఉంది. టీవీ వాళ్లకు మాత్రం ఆ జనవరిలోనే పుట్టింది. భయపెట్టడం ఒకడి పని, భయపడొద్దనడం ఇంకొకడి పని. ఈ ఇద్దరి మధ్య ఆస్పత్రి గురించి అడిగే పని ఎవడిదీ కాకుండా పోయింది.

జూలూరుపాడు ఎక్కడుందో తెలియని వాళ్లకు ఒక ముక్క. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, వైరా నియోజకవర్గం. రోడ్డు పక్కన మిర్చి, పత్తి. రోడ్డు దిగితే అడవి, పోడు, కోయ గూడేలు, లంబాడా తండాలు. ఓటుకు ఎస్టీ రిజర్వుడు. ఆస్పత్రి మంచానికి రిజర్వేషన్ లేదు. ఊపిరాడకపోతే ఇటు కొత్తగూడెమో, అటు ఖమ్మమో పరుగెత్తాలి. ఇంతకీ ఆ ప్రకటన మా దాకా వస్తుందా? వస్తుంది. పోస్టరై వచ్చి పీహెచ్‌సీ గోడకు అతుక్కుంటుంది. డాక్టరై రాదు. ఆక్సిజనై రాదు.

ఇంత కోపమెందుకంటారా? కరోనా నాటి సంగతులు మరిచిపోయారేమో మీరు. మేం మరవలేదు.

2020 మార్చి 2న రాష్ట్రంలో మొదటి కేసు బయటపడింది. అదే నెల మొదట్లో అసెంబ్లీలో నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ అభయమిచ్చారు. పారాసిటమాల్ గోలీ వేసుకుంటే సరిపోతుందని. పక్క రాష్ట్రం వెనకబడుతుందా? స్థానిక ఎన్నికలు వాయిదా పడ్డ కోపంలో మార్చి 15న అక్కడి నాటి ముఖ్యమంత్రి జగన్ మీడియా ముందుకొచ్చి పారాసిటమాల్‌కు బ్లీచింగ్ పౌడర్ కూడా కలిపారు. నీళ్ల దగ్గర కొట్టుకునే రెండు రాష్ట్రాలు గోలీ దగ్గర మాత్రం ఏకమయ్యాయి. మార్చి 24 నాటికి తెలంగాణలో ఆ గోలీ కాస్తా తూటా అయింది. మాట వినకపోతే సైన్యాన్ని దింపుతాం, కనిపిస్తే కాల్చివేత ఉత్తర్వులిస్తాం అన్నారు. మూడు వారాలు తిరగలేదు. మధ్యలో మందు మారిందంతే.

ఎండకు చచ్చిపోతుందని ఇంకో అభయం. ఎండ గురించి కొత్తగూడెం వాళ్లకు చెబుతారా? బొగ్గు గనుల ఊరది. అక్కడి ఎండ ముందు ఏ వైరసైనా మాడి మసైపోవాలి. మసైందా? రెండో విడత మహమ్మారి విరుచుకుపడింది ఎప్పుడు? ఏప్రిల్, మే నెలల్లో. రోళ్లు పగిలే ఎండల్లో. రోళ్లు పగిలాయి, వైరస్ పగల్లేదు.

ఈ రోగం మా అడవిలో పుట్టలేదు.  అది విమానమెక్కి వచ్చింది. శంషాబాద్‌లో దిగింది. ఏసీ కార్లలో జిల్లాలకు చేరింది. లండన్ నుంచి వచ్చిన కొడుకును విడిగా ఉంచలేదని కొత్తగూడెంలో ఏకంగా డీఎస్పీ స్థాయి అధికారి మీదే కేసు పెట్టాల్సి వచ్చింది. కొడుక్కి పాజిటివ్. ఆయనకూ పాజిటివ్. వండిపెట్టే మనిషికీ పాజిటివ్. ఆ మూడో మనిషి లండన్ ముఖం చూశాడా? పాస్‌పోర్టు ఎలా ఉంటుందో చూశాడా? రోగం ఎటు నుంచి వచ్చి ఎటు పోయిందో చెప్పడానికి ఇంతకంటే ఏ సర్వే కావాలి?

కానీ లాఠీ ఎవరి వీపు మీద లేచింది? సైకిల్ మీద కూరగాయలకు వెళ్లినవాడి మీద. లాక్‌డౌన్‌కు వాడిన ఆయుధాల్లో ఒకటి 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయిలో ప్లేగు వస్తే తెల్లదొరలు రాసుకున్నది. మూలంలో ఉన్నవి నాలుగే సెక్షన్లు. వాటిలో అధికారులకు అధికారం ఉంది, మాట వినని వాడికి శిక్ష ఉంది, అధికారికి రక్షణ ఉంది. రోగికి హక్కు మాత్రం లేదు. నూటిరవై మూడేళ్ల తర్వాత కూడా ఆ నాలుగు సెక్షన్లే మనకు గతి అయ్యాయి. దొర మారాడు, లాఠీ మారలేదు.

ఊళ్లు మాత్రం ఎవరి ఉత్తర్వుల కోసమూ కూర్చోలేదు. పొలిమేరలో ముళ్లకంపలు వేసుకున్నాయి. దుంగలు అడ్డం పెట్టుకున్నాయి. గూడేల్లో పెద్దలు బయటివాళ్లను రావొద్దన్నారు, లోపలివాళ్లను పోవద్దన్నారు. దానికి సమీక్షా సమావేశం జరగలేదు. టాస్క్‌ఫోర్సు లేదు. పవర్‌పాయింట్ అసలే లేదు. కంప కొట్టారు, వేశారు, అంతే. కట్టడి అంటే తెలిసింది వాళ్లకు. శాలువాలు కప్పుకుని, ప్రశంసాపత్రాలు అందుకున్నది ఇంకెవరో.

ఊళ్లో నాయకులకూ ఒక పని దొరికింది. మిరప చేలకు మందు కొట్టే తైవాన్ పంపు తెచ్చారు. పురుగుమందు ఒంపేసి హైపోక్లోరైట్ పోశారు. భుజాన తగిలించుకుని సీసీ రోడ్డు మీద పిచికారీ కొట్టారు. ముందు ఫొటోగ్రాఫర్ వెనక్కి నడుస్తున్నాడు. వెనక నలుగురు అనుచరులు ముందుకు నడుస్తున్నారు. రోడ్డు శుభ్రంగా తడిసింది. కుక్కలు తుమ్మాయి. వీధుల్లో ఇలా చల్లితే ఉపయోగం లేదని, పైగా మనుషులకు హాని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో చెప్పింది. చెబితే? ఫొటో అప్పటికే ఫ్లెక్సీ ఎక్కేసింది.

ఇంటింటి సర్వేల సంగతి ఇంకా చిత్రం. లాక్‌డౌన్ పడింది మిర్చి కోతల మీద. ఖమ్మం మిర్చి మార్కెట్ మూతపడింది. కాయ చెట్టు మీద కొంత, కల్లంలో కొంత. ఎర్రగా ఎండిన మిరపకాయల కుప్ప పక్కన, ఘాటుకు కళ్లు మండుతుండగా, ఆశా కార్యకర్త రిజిస్టర్ పట్టుకుని నిలబడితే మాట ఇలాగే ఉంటుంది.

"దగ్గుందా పెద్దమ్మా?"

"ఉంది బిడ్డా. నీకూ ఉంది గదా."

ఉంటుంది మరి. కల్లం దగ్గర దగ్గని మనిషిని చూపించండి. కలెక్టరొచ్చి నిలబడినా దగ్గాల్సిందే. రిజిస్టర్‌లో మాత్రం రెండే గడులు. దగ్గు ఉంది, దగ్గు లేదు. కారం దగ్గుకు గడి ఏది? ఉందని రాస్తే పెద్దమ్మను ఎక్కడికో తీసుకుపోతారు. లేదని రాస్తే అబద్ధం. ఆ పిల్ల ఏం రాయాలి? ఆమెకిచ్చే డబ్బును జీతం అనడానికి కూడా సర్కారుకు నోరు రాదు, పారితోషికం అంటుంది. పైనున్న వాళ్లంతా దాటేసిన బరువు మెట్టుమెట్టుగా దిగి వచ్చి ఆమె సంచీలో పడింది. ఢిల్లీ రాష్ట్రం మీదికి నెట్టింది, రాష్ట్రం కలెక్టర్ మీదికి, కలెక్టర్ మండలం మీదికి. ఆశా ఎవరి మీదికి నెట్టాలి? ఆమె కింద ఎవరూ లేరు.

పళ్లేలు మోగించిన ఆదివారం గుర్తుందిగా? దేశమంతా పద్నాలుగు గంటలు ఇళ్లలో ఉండమంటే మన రాష్ట్రం ఇరవై నాలుగు గంటలన్నది. పోటీల్లో మనం ఎప్పుడూ ముందే. పళ్లెం మోగించిన చేతులే తర్వాత అద్దెకున్న నర్సును ఇల్లు ఖాళీ చేయమన్నాయి.

ఇప్పుడు నవ్వు రాని ముచ్చట ఒకటి. మిర్చి కాయ ఏరడానికి ఏటా ఛత్తీస్‌గఢ్ నుంచి ఆదివాసీ కూలీలు ఈ చుట్టుపక్కల జిల్లాలకు వస్తారు. వాళ్లు రాకపోతే మా మిర్చి చెట్టు దిగదు. 2020లో వచ్చినవాళ్లు వచ్చినచోటే ఇరుక్కుపోయారు. ఏప్రిల్ 14తో అయిపోతుందన్న లాక్‌డౌన్ పొడిగించారు. పని లేదు, బస్సు లేదు. ములుగు జిల్లా మిర్చి తోటల నుంచి ఒక గుంపు ఏప్రిల్ 15న బీజాపూర్ జిల్లాలోని తమ ఊళ్లకు నడక మొదలుపెట్టింది. రోడ్డెక్కితే పోలీసులని అడవి దారిన పోయారు. అందులో పన్నెండేళ్ల పిల్ల ఉంది. మూడు రోజులు నడిచింది. ఏప్రిల్ 18న, ఊరు పదిహేను కిలోమీటర్ల లోపు ఉందనగా ప్రాణం పోయింది. పరీక్ష చేశారు. నెగెటివ్. ఆమెలో వైరస్ లేదు. ఒంట్లో నీళ్లు లేవు.

దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు ఎక్కడి నుంచి బయల్దేరిందో తెలుసా? మన లింగంపల్లి నుంచే. మే 1న. ఆ పిల్ల పోయిన పదమూడో రోజున. మే 7 నుంచి విదేశాల్లో ఉన్నవాళ్లను తేవడానికి విమానాలు వెళ్లాయి. తేవాల్సిందే, తప్పు లేదు. రోగాన్ని తెచ్చిన విమానానికి స్వాగతం దొరికింది, రోగం లేని పిల్లకు ఎడ్లబండి కూడా దొరకలేదు. ఇంతే నా బాధ.

మద్యం సంగతి చెప్పకపోతే పాపం. బడి బంద్, గుడి బంద్, బస్సు బంద్. 2020 మే 6న తెరుచుకున్నదేమిటి? వైన్ షాపు. రేటు పెంచి మరీ తెరిచారు. 2021 మేలో మళ్లీ లాక్‌డౌన్ పెడితే పొద్దున ఆరు నుంచి పది దాకా సడలింపు. ఆ నాలుగు గంటల్లో పాలు, కూరగాయలతో పాటు సీసా కూడా నిత్యావసరమే. పొద్దున ఆరింటికి వైన్ షాపు ముందు గుండ్రాలు గీసి జనాన్ని నిలబెట్టిన క్రమశిక్షణ టీకా కేంద్రం ముందు కనపడిందా? ఖజానాకు ఊపిరాడకపోతే ఎంత త్వరగా ఆక్సిజన్ పెట్టారో చూశారుగా.

ఇక 2021 ఏప్రిల్. అక్కడ ఆగి నిదానంగా చూడాలి. తేదీలే వ్యంగ్యం రాసి పెట్టాయి. నాకు పని మిగల్లేదు.

ఏప్రిల్ 14న నాగార్జునసాగర్ ఉప ఎన్నిక కోసం హాలియాలో ముఖ్యమంత్రి బహిరంగ సభ. 17న పోలింగ్. 19న ముఖ్యమంత్రికి పాజిటివ్. హైకోర్టు గద్దిస్తే గానీ 20న రాత్రి కర్ఫ్యూ రాలేదు. 21న శ్రీరామనవమి. భద్రాచలంలో సీతారాముల కల్యాణం వరుసగా రెండో ఏడాది భక్తులు లేకుండా జరిగింది. రాముడి పెళ్లికి జనం వద్దు, ఎన్నికల సభకు జనం ముద్దు. పోనీ అక్కడితో ఆగిందా? ఆస్పత్రుల ముందు అంబులెన్సులు బారులు తీరిన ఏప్రిల్ 30న ఖమ్మం, వరంగల్ కార్పొరేషన్లకు పోలింగ్ పెట్టారు. వాయిదా వేస్తే కొంప మునుగుతుందా? కొంపలు ఎటూ మునిగాయి. సీట్లు మాత్రం తేలాయి. ఢిల్లీ వాళ్లేం తక్కువ తినలేదు. అదే నెలలో బెంగాల్ సభల్లో జనాన్ని చూసి మురిసిపోయారు, హరిద్వార్‌లో కుంభమేళాకు తలుపులు బార్లా తీశారు. ఈ విషయంలో పార్టీ భేదం లేదు. వైరస్‌కు కులమతాలు లేవంటారు గానీ, దాన్ని మోసుకొచ్చిన సభలకు కండువాలున్నాయి. అన్ని రంగుల కండువాలూ ఉన్నాయి.

అదే ఏప్రిల్ 30న ఇంకో విశేషం. మహమ్మారి నెత్తి మీద నాట్యమాడుతుండగా ఆరోగ్యమంత్రి ఈటల రాజేందర్ భూముల మీద విచారణకు ఆదేశం. అధికారులు ఉరికారు. కొలిచారు. రెండు రోజుల్లో నివేదిక చేతిలో పెట్టారు. మే 2న మంత్రి బర్తరఫ్. ఏమి వేగం! అదే వారంలో ఆర్‌టీపీసీఆర్ ఫలితం కోసం జనం రోజుల తరబడి చూస్తున్నారు. భూమి ఎన్ని గుంటలో రెండు రోజుల్లో తేల్చగల యంత్రాంగానికి మనిషికి రోగముందో లేదో తేల్చడానికి మాత్రం తీరిక లేదు. భూమి విచారణ తప్పని నేననడం లేదు. ఆ వేగం మాకూ కాస్త అప్పివ్వండని అడుగుతున్నా.

మే 6న లాక్‌డౌన్ ఉండదన్నారు. మే 11న లాక్‌డౌన్ అన్నారు. ఈ మధ్యలోనే ఆంధ్రా నుంచి వచ్చే అంబులెన్సులను సరిహద్దుల్లో ఆపారు. ఊపిరాడక కొట్టుకుంటున్న మనిషిని అనుమతి పత్రం చూపించమన్నారు. హైకోర్టు తిట్టింది. మళ్లీ కొత్త ఉత్తర్వు రాశారు. మళ్లీ తిట్టింది. భద్రాచలం వాళ్లను అడగండి ఈ సరిహద్దు సంగతి. 2014లో పోలవరం పేరుతో చింతూరు, కూనవరం, వీఆర్ పురం లాంటి మండలాలను అటు కలిపారు. గీత మ్యాపులో పడింది. రోగం వస్తే ఆ మండలాల మనుషులు ఇప్పటికీ వచ్చేది భద్రాచలం ఏరియా ఆస్పత్రికే. ఛత్తీస్‌గఢ్ వాళ్లూ అక్కడికే. వైరస్ గోదావరి దాటేటప్పుడు దాన్ని ఈ-పాస్ ఎవరైనా అడిగారా?

మూడుసార్లు భద్రాచలం ఎమ్మెల్యేగా గెలిచి, ఆర్టీసీ బస్సుల్లోనే తిరిగిన సున్నం రాజయ్య కరోనాతో పోయింది ఎక్కడ? 2020 ఆగస్టులో, విజయవాడలో. ఆ అడవి మనుషుల గొంతును అసెంబ్లీలో వినిపించిన మనిషికే అడవిలో సరైన ఐసీయూ దొరకలేదు. ఇక మామూలు మనిషి మాట ఎత్తనక్కర్లేదు.

హోం ఐసోలేషన్! ఎంత గొప్ప మాట. దానికి ముందు హోం ఉండాలి గదా. పాజిటివ్ వచ్చాక ముఖ్యమంత్రి ఫామ్‌హౌస్‌లో ఐసోలేట్ అయ్యారు. సోమాజిగూడ కార్పొరేట్ ఆస్పత్రికి వెళ్లి స్కాన్ తీయించుకున్నారు. బాగయ్యారు, సంతోషం. మరుసటి నెలలో నల్లగొండ జిల్లాలో ఒక తండా కుర్రాడికి పాజిటివ్ వచ్చింది. ఇంట్లో విడిగా గది లేదు. ఏం చేశాడు? ఇంటి ముందున్న చెట్టెక్కాడు. కొమ్మల మధ్య మంచం కట్టుకుని పదకొండు రోజులు అక్కడే ఉన్నాడు. తాడుకు బకెట్ కడితే అందులో అన్నం పంపారు. జాతీయ పత్రికలన్నీ ఫొటో వేశాయి. అబ్బో, ఎంత తెలివి అని మెచ్చుకున్నాయి. తెలివా అది? బంగారు తెలంగాణలో పద్దెనిమిదేళ్ల పిల్లగాడికి దొరికిన ఐసోలేషన్ వార్డు కొమ్మల్లో ఉందంటే సిగ్గుపడాల్సింది ఎవరు?

మా జిల్లాలో ఒక వర్గానికి మాత్రం ఉచిత వైద్యం పిలిచి ఇస్తామన్నారు. ఎవరికనుకున్నారు? మావోయిస్టులకు. 2021లో దళాల్లో కరోనా పాకింది. నాయకుడు హరిభూషణ్ ఆ జూన్‌లో దానితోనే చనిపోయాడు. లొంగిపోండి, మంచి వైద్యం చేయిస్తాం అని కొత్తగూడెం పోలీసులు ప్రకటన మీద ప్రకటన ఇచ్చారు. మంచిదే, ప్రాణం ఎవరిదైనా ప్రాణమే. కానీ పక్క గూడెంలో తుపాకీ లేని కోయ రైతు జ్వరంతో మూలుగుతున్నాడు. ఆయన ఎవరికి లొంగిపోవాలి? ఆయన పుట్టినప్పుడే లొంగిపోయాడాయె.

ఆయన ఆర్‌ఎంపీకి లొంగాడు. సెలైన్ సీసా దూలానికి వేలాడదీశారు. నాలుగు రోజులకు తగ్గకపోతే ఖమ్మం. అక్కడ మొదటి ప్రశ్న పేరు కాదు, సీటీ స్కోర్ ఎంత అని. రెండో ప్రశ్న, అడ్వాన్స్ ఎంత తెచ్చారని. సర్కారు రేట్లు ఖరారు చేసిందిగా అంటారా? చేసింది. రోజుకు సాధారణ వార్డు 4,000, ఐసీయూ 7,500, వెంటిలేటర్ ఉంటే 9,000. ఆ రేటు ఎక్కడ ఉంది? జీవోలో ఉంది. బిల్లులో లేదు. పీపీఈ కిట్టని, ఇంకేదో అని జీవోకు తోకలు మొలిచాయి. మైదానపు రైతు ఎకరం అమ్ముకున్నాడు. పోడు రైతు ఏం అమ్మాలి? భూమికి పట్టా లేదు. ఏజెన్సీలో భూమి అమ్మకాన్ని కట్టడి చేసే 1/70 చట్టం ఉంది. పోడు పట్టాల పంపిణీ మొదలయ్యేసరికి 2023 జూన్ 30 వచ్చింది. అప్పటికి పట్టా తీసుకోవాల్సిన చేతులు కొన్ని లేవు.

మనది మందుల రాష్ట్రమని ఎంత గర్వం! కోవాగ్జిన్ పుట్టింది జీనోమ్ వ్యాలీలో. రెమ్‌డెసివిర్ తయారైంది హైదరాబాద్‌లో. అదే హైదరాబాద్‌లో ఆ ఇంజెక్షన్ బ్లాకులో కొన్నారు. టీకాకు 18 నుంచి 44 ఏళ్ల వాళ్లు కోవిన్‌లో నమోదు చేసుకోవాలన్నారు. స్మార్ట్‌ఫోన్ ఉండాలి, సిగ్నల్ ఉండాలి, ఓటీపీ రావాలి. సిగ్నల్ కోసం గుట్టెక్కే తండాలో ఓటీపీ వచ్చేసరికి హైదరాబాద్ వాళ్లు స్లాట్లన్నీ ఊడ్చేశారు. కార్లేసుకుని పల్లె కేంద్రాలకొచ్చి పొడిపించుకుపోయారు. ఓటు అడగడానికి మాత్రం ఏ పార్టీ వాడూ ఓటీపీ అడగడు. గుమ్మం దాకా వస్తాడు. దండం పెడతాడు. పిల్లల ముక్కు కూడా తుడుస్తాడు.

మనల్నీ వదలకూడదు. మాస్కును గడ్డానికి తగిలించుకుని తిరిగింది మనమే. మే నెలలో ముహూర్తం దాటిపోతుందని పెళ్లిళ్లు చేసింది మనమే. పోయినవాడిని ఊరి శ్మశానంలోకి రానివ్వనిదీ మనమే. వాడు ముందు వారం మన పెళ్లి విందులో మన పక్కనే కూర్చుని తిన్నవాడు. ఆనందయ్య మందు కోసం కృష్ణపట్నం దాకా వేల మంది తోసుకుంటూ పోయింది కూడా మనవాళ్లే. అయితే ఒక్క మాట. ఆస్పత్రిలో మంచం దొరికినవాడు ఆకు పసరు కోసం పోతాడా?

చివరికి లెక్కలు. ఇక్కడ మాత్రం సర్కారు కట్టడి నూటికి నూరుపాళ్లు ఫలించింది. ఆస్పత్రుల్లో చనిపోయినవారి దేహాలకూ పరీక్ష చేయండని 2020 మేలో హైకోర్టు చెబితే, సుప్రీంకోర్టు దాకా పోయి జూన్‌లో స్టే తెచ్చుకున్నారు. పరీక్ష లేకపోతే కేసు లేదు. కేసు లేకపోతే చావు లేదు. బులెటిన్ రోజూ ఎంత ముద్దుగా వచ్చేది! మరి 2021 చివర్లో మృతుల కుటుంబాలకు 50 వేల పరిహారం అనగానే ఏమైంది? 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్క చూడండి. తెలంగాణ చెప్పిన చావులు 3,993. పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు 28,969. ఏడు రెట్లు! బులెటిన్‌లో బతికున్నవాళ్లు మీసేవ కేంద్రంలో చచ్చిపోయారు. అది కూడా కాగితం ఉన్నవాళ్ల సంగతే. పరీక్ష చేయించుకోకుండా గుడిసెలోనే పోయినవాడికి దరఖాస్తు ఎవరు రాస్తారు?

ఢిల్లీ దీనికి తాత. తిరుపతి రుయా ఆస్పత్రిలో 2021 మే 10 రాత్రి ఆక్సిజన్ అందక పదకొండు మంది పోయారు. జూలై 20న పార్లమెంటులో కేంద్రం ఏమన్నది? ఆక్సిజన్ కొరతతో చనిపోయినట్లు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని. దేశంలో అధికారికంగా 4.8 లక్షల చావులైతే, 2020, 2021ల్లో 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా కట్టింది. ఆ పద్ధతే తప్పని మనవాళ్లు కొట్టిపారేశారు. తప్పైతే కావచ్చు. మరి ఒప్పు లెక్క చెప్పండి. ఇంటింటికీ వెళ్లి కులం లెక్కించగలరు, ఓట్లు లెక్కించగలరు. చచ్చినవాళ్లను లెక్కించడానికి మాత్రం చేతులు వణుకుతాయేం?

ఏమీ జరగలేదని నేననను. 2022 నవంబరు 15న ఒక్క రోజే ఎనిమిది మెడికల్ కాలేజీలు ప్రారంభించారు. అందులో కొత్తగూడెం ఉంది. కాలేజీ వచ్చింది, మెచ్చుకోవాల్సిందే. అంతకు ఏడాది ముందు జిల్లా కలెక్టర్ గారింటి ప్రసవం భద్రాచలం సర్కారు ఆస్పత్రిలో జరిగితే రాష్ట్రమంతా పతాక వార్త. మంచి పని చేశారు. కానీ అదెందుకు వార్తయిందో ఆలోచించారా? కలెక్టర్ సర్కారు ఆస్పత్రికి వెళ్లడం మన దగ్గర మనిషి చంద్రుడి మీద కాలుపెట్టినంత వింత. మంత్రులెవరైనా ఆ దారిన పోయారా? పోతారు. రిబ్బన్ ఉంటే పోతారు.

2025 నాటికి ప్రజారోగ్యానికి దేశ స్థూల ఉత్పత్తిలో 2.5 శాతం ఖర్చు చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. 2023-24కు ఆర్థిక సర్వే చెప్పిన లెక్క 1.9 శాతం. 2025 వచ్చింది. పోయింది. ఆ తరుగు శాతంలో మా పాపకొల్లు ఉంది, మా పడమట నర్సాపురం ఉంది, మా కాకర్ల ఉంది. మళ్లీ కొత్త పేరుతో వైరస్ వస్తుంది. మళ్లీ రుమాలు అడ్డం పెట్టుకోమని కాగితం వస్తుంది. రుమాలు మేం కొనుక్కుంటాంలెండి.

కాబట్టి చదువరులకు ఒక చిన్న మనవి. వచ్చేసారి ఓటడగడానికి వచ్చినవాడు ఎవడైనా సరే, కండువా రంగు చూడకండి. నీళ్లిచ్చి కూర్చోబెట్టండి. మన ఇంటికొచ్చిన మనిషి, మర్యాద తప్పొద్దు. చీకటి పడ్డాక చేయి పట్టుకుని పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. రాత్రి డ్యూటీ డాక్టర్ ఎవరో పిలిపించమనండి. ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడుందో చూపించమనండి. మీటరు ముల్లు చదవమనండి. ముల్లు సున్నా మీద ఉంటే, అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి, సిలిండర్ నిండేదాకా కదలనివ్వకండి.